కాటా రాళ్ళు

ఆపు తల్లీ, ఆ ఫోను కాస్త ఆపు. టిఫిను తిన్న కాణ్ణుంచి సూస్తన్నాను. నువ్వు వేలెట్టి పైకి తోస్తన్నావు, కొత్త బొమ్మలు వస్తానే ఉన్నాయి. బరువెత్తుకుని నడిసే మగాళ్ళకి ఇన్ని బహుమానాలా! మన కొట్లో కళాసీలు నలభయ్యేళ్ళు బస్తాలు మోసేరు. ఏడాదికో పంచె, ఎండల్లో ఓ గలాసుడు మజ్జిగ. అంతకి మించి ఆళ్ళకేటి ఇవ్వాలో ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

సరే, సూపించు. ముచ్చటపడి అడుగుతన్నావు. ఆదివారానికి మీ మావకి అరవై నిండుతాయి, ఆయన సరదా ఆ సంచీ నడక, దానికి పనికొచ్చేదే ఏదైనా కొందాం అంటావు. కొందాం. నేను కాదన్నానేటి?

ఇదేటిది? పోలీసోళ్ళు తూటాలు తగలకుండా తొడుక్కునేదిలాగున్నాది. రొమ్ముకి అయిదు కిలోలు, వీపుకి అయిదు కిలోలా! ముందూ ఎనకా బరువన్నమాట. అదెలగుంటాదో నాకు తెలుసులే. నీ మొగుడు నా సంకలో, వాడి సెల్లి నా కడుపులో, నెత్తి మీద సూస్తే...

ఆఁ, సెల్లే. సెప్పలేదా నీకు? వాడికి మాత్రం ఏటి తెలుసు, అప్పటికి ఏణ్ణర్ధం గుంటడు. ఉండు, అక్కడికే వస్తన్నాను. ముందు నీ బొమ్మలు కానీ.

ఈ గొట్టం ఏటి? వీపు మీద నీళ్ళ తిత్తి, దాన్నుంచి నోటిదాకా పీకా? నడుస్తానే పీల్చుకోవచ్చా? ఓలమ్మ! అరవయ్యేళ్ళ మనిషికి పాలపీక! వద్దే తల్లీ. సెంబుతో నేనందిస్తే గాని నీళ్ళు తాగడం రాని మనిషి. అదెలగ వాడాలో మళ్ళీ నేనే నేర్పాలి.

ఇవేటి, ఇనప పలకలా? సంచీలో ఏసుకోడానికా? రెండు కిలోలది, అయిదు కిలోలది...

నవ్వలేదే. దగ్గొచ్చినాది.

సరే, నవ్వేను. ఎందుకో తరవాత సెప్తాను. ఇనుముకి మనింట్లో కరువేటి?

ఆయన కొట్టుకెల్లేడు, పన్నెండున్నరకి గాని రాడు. నీ మొగుడు మేడ మీద తొంగున్నాడు. ఆ సిక్కుడుకాయల పళ్ళెం ఇలగ జరుపు. ఈనెలు తీస్తా మాటాడుకుందాం. పొద్దుట్నుంచీ నా నోట్లో ఓ మాట తిరుగుతన్నాది. నీకు కాకపోతే ఎవరికి సెప్తాను?

ఈ సంచీ నడక ఆరు నెలల కిందట మొదలైనాది. పొద్దున్నే కాలేజీ మైదానంలో నడిసే ముసలోళ్ళ జట్టొకటి ఉన్నాది కదా, దానికి పెద్ద సంద్రమౌళి మేస్టారు. ఆయనెక్కడో వీడియో సూసేరు. వీపుకి బరువు కట్టుకుని నడిస్తే ఎముకలు గట్టిపడతాయంట, పొట్ట కరుగుతాదంట. దాని పేరు రకింగంట. పరాయి దేశాల్లో సిపాయిలు సేస్తారంట. మన దేశంలో ఆడోళ్ళు సేస్తన్నారు, పేరెట్టలేదు అంతే.

ఇంకేటుంది, జట్టులో పదిమందీ సంచీలు కొన్నారు. మీ మావ పచ్చది కొన్నాడు, మిలటరీ రంగు. పలకలు దండగన్నాడు. అందరూ కళింగపట్నం సముద్రం ఒడ్డుకి సరదాగా ఎల్లినప్పుడు అక్కణ్ణుంచి ఇసక తెచ్చుకున్నాడు. కాన్వాసు గుడ్డ సంచిలో ఆ ఇసక పోసి, మన కొట్టు కాటా మీద, జట్టంతా సూస్తండగా, తన సేత్తో తనే తూసేడు. సరిగ్గా పది కిలోలు. గ్రాము ఎక్కువ లేదు, తక్కువ లేదు. అక్కడే మూతి కుట్టించీసేడు.

నీకు తెలీదు గాని, ఆయన ఒకసారి తూసిన సరుకు మళ్ళీ తుయ్యడు. 'ఇంకోసారి కాటా ఎయ్యండి సావుకారూ' అని ఎవడైనా అన్నాడో, సరుకు ఎనక్కి లాగీసుకుంటాడు. 'అనుమానం ఉంటే ఇంకో కొట్టుకెల్లు' అంటాడు. వాళ్ళ నాన్న కాణ్ణుంచి అదే పద్ధతి. అలగని దొంగ తూకం కాదు, ఉన్నమాట సెప్పుకోవాలి. చీపురుపల్లి బజార్లో నగరేశ్వర్రావు తూకమంటే తూకమే. ఆ ముక్క గుర్తెట్టుకో, తరవాత పనికొస్తాది.

ఇంకో పద్ధతి కూడా ఉన్నాది ఈ ఇంట్లో. సావుకారు బజార్లో నడిస్తే రెండు సేతులూ ఖాళీగా ఉండాలి. కూరల సంచీ కూడా పట్టకూడదు. సేతిలో మూట కనిపిస్తే, కూలోణ్ణి పెట్టుకోలేని స్థితికొచ్చేడు, కొట్టు దిగిపోయిందని జనం అనుకుంటారంట. మా మావగారు గొడుగు కూడా కళాసీ సేత పట్టించుకునేవోరు. పెళ్ళై వచ్చిన వారానికే మా అత్త నాకు సెప్పినాది ఇది, తులసికోట దగ్గర నిలబెట్టి.

ఆ ఇంటి కొడుకు ఇప్పుడు అదే బజార్లో మూటెత్తుకుని నడుస్తన్నాడు. జనం దండాలెడతన్నారు. 'ఈ వయసులో పది కిలోలా సావుకారూ!' ఇదే మాట, ప్రతి అరుగు మీదనుంచీ.

ఎర్రన్న ఒకడే నవ్వేడు. తెలుసు కదా, మన కళాసీల్లో పెద్దోడు, నడుం ఒంగిపోనాది. ఓ రోజు ఎదురొచ్చి, 'బాబూ, ఎలాగూ మోస్తన్నారు కదా, ఆ ఇసక దేనికి? నా బస్తా ఒకటి ఎత్తీండి, దారిలో గొడౌన్లో పడేద్దురు' అన్నాడు. మీ మావకి కోపమొచ్చీసినాది. 'ఎర్రన్నా, నీది పని, నాది వ్యాయామం' అన్నాడు. 'అవును బాబూ, నాకు నడుం పోనాది, మీకు పొట్ట పోతాది' అన్నాడు వాడు. ఆ సాయంత్రం వాడికి అరకిలో బెల్లం పంపించేను. ఎందుకో వాడికి తెలీదు.

అసలు తమాషా సెప్పనా? ఆ సంచీ ఆయన నేల మీంచి ఎప్పుడూ ఎత్తడు. నడుం పడతాదంట. ఆయనొచ్చి అరుగు మీద కూకుంటాడు. నేను సంచీ రెండు సేతుల్తో ఎత్తి ఎనకాల పట్టుకుంటాను, ఆయన పట్టీల్లో సేతులు దూర్చుకుంటాడు. తిరిగొచ్చేక కూడా అంతే. నేనే పట్టుకుని దింపుకోవాలి. ఆయన మోతకి నేను కళాసీని.

ఇదంతా నేను భరించేదాన్నే. ముప్ఫయ్యేళ్ళు భరించలేదేటి? వీడియో ఒకటి తియ్యకుండా ఉంటే సరిపోను.

సంద్రమౌళి మేస్టారు తీసేరు. బజారు మధ్యలో, బట్టల కొట్టు దగ్గర మలుపు ఉన్నాది కదా, అక్కడ మీ మావని నిలబెట్టి ఫోను ఎదురుగా పెట్టి, 'నలుగురికీ పనికొచ్చే మాట ఒకటి సెప్పండి నగరేశ్వర్రావుగారూ' అన్నారు. ఈయన సెమట తుడుసుకుని, నవ్వుతా, 'మగాడన్నాక బరువు మొయ్యాలండీ. నడిబజార్లో మోస్తే సిగ్గేటి?' అన్నాడు.

అదే మలుపే సింధూరీ. అదే బట్టల కొట్టు. సూరు కూడా మార్చలేదు ఆళ్ళు.

ఏటీ? ఆఁ, సెప్తాను. కాయ అలగ నలపకు, గింజ పాడవుతాది.

ఇరవయ్యెనిమిదేళ్ళ కిందటి మాట. గజపతినగరంలో మా తమ్ముడి పెళ్ళై తిరిగొస్తన్నాం. వైశాఖ మాసం ఎండ. మా అమ్మ సారె కట్టినాది. ఇత్తడి బిందె నిండా లడ్లు, అరిసెలు. మూతికి పసుపు గుడ్డ సుట్టినాది. 'అత్తారింట్లో దేవుడి ముందు దింపేదాకా నేలకి ఆనించకే. ఆనిస్తే పుట్టింటి సలవ నేలపాలవుతాది' అని మరీ మరీ సెప్పినాది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను, రైల్లో ఒళ్ళో పెట్టుకున్నాను. నాకప్పుడు అయిదో నెల.

ఇక్కడ దిగేసరికి బందు. రిక్షా లేదు, కూలీ లేడు. స్టేషన్నుంచి ఇంటికి కిలోమీటరున్నర. కొట్లు మూసున్నాయి గాని అరుగుల మీద జనం నిండుగా కూకున్నారు, పనిలేదు కదా. నీ మొగుడు నిద్రమొహంతో సంకెక్కీసేడు, దిగనంటాడు. సుట్టకుదురు పెట్టుకుని బిందె నెత్తికెత్తుకున్నాను. ఎత్తింది కూడా ఆయన కాదు, స్టేషన్లో వేరుశనగలమ్ముకునే ముసల్ది.

ఆయన ముందు, నేను ఎనక. బట్టల కొట్టు మలుపు దగ్గరికొచ్చేసరికి నా కళ్ళు తిరిగిపోనాయి. తొడలు వణుకుతన్నాయి. ఒక్కసారే అడిగేను. 'ఏవండీ, ఈ బిందె కాస్త పట్టుకోండి.'

ఎనక్కి తిరిగేడు. నన్ను సూడలేదు, అరుగుల కేసి సూసేడు. గొంతు తగ్గించి, 'నడిబజార్లో నన్ను బిందె మొయ్యమంటావా? కొట్టు దివాలా తీసిందనుకుంటారు. నడు' అన్నాడు. సేతులు రెండూ ఎనక్కి కట్టుకుని, పది అడుగులు ముందుకెల్లిపోయేడు.

దింపీలేకపోయేవా అంటావు. అదే కదా! దింపొచ్చు. ఆ కొట్టు అరుగు మీద పెట్టి, పక్కన కూలబడి, ఎవరేటనుకుంటే అనుకోనీ అనొచ్చు. నాకు ఇరవై మూడేళ్ళు. అమ్మ సెప్పిన మాట ఒకటి, అత్త సెప్పిన మాట ఒకటి. రెండూ నెత్తి మీదున్నాయి. దింపలేదు. పళ్ళు బిగించుకుని వచ్చి దేవుడి ముందే దింపేను. సాయంత్రం మా అత్త వీధంతా లడ్లు పంచినాది. అందరూ బాగున్నాయన్నారు.

మర్నాడు మొదలైనాది. మూడోనాడు విజయనగరం ఆస్పత్రిలో అంతా అయిపోనాది. ఆడపిల్లని నర్సమ్మ సెప్పినాది. నేను అడగలేదు, దానంతటదే సెప్పినాది.

లేదే, ఏడవకు. నేనేడవట్లేదు కదా.

బరువు వల్లేనా అని డాక్టరమ్మని అడిగితే, 'అలా అని చెప్పలేమమ్మా, ఒక్కోసారి కారణం లేకుండా కూడా అవుతుంది' అన్నాది. ఆ మాట నాకు సెప్పినాది, నా బాధ తగ్గుతాదని. పట్టుకున్నది మాత్రం ఆయన. ఇరవయ్యెనిమిదేళ్ళూ గొడుగులాగ పట్టుకు తిరిగేడు. ఎప్పుడు ఆ సంగతి ఎత్తినా, 'డాక్టరమ్మే అన్నాది కదే, దానికీ దీనికీ సంబంధం లేదని.' సంబంధం ఉన్నాదో లేదో నాకూ తెలీదు. నేనడిగింది అది కాదు. నేను పట్టుకోమన్నాను, నువ్వెందుకు పట్టుకోలేదు అని అడిగేను.

మాటాడి తేల్చుకోవాల్సింది అంటావు. మూడుసార్లు మాటాడేను. మొదటిసారి డాక్టరమ్మ మాట సెప్పేడు. రెండోసారి 'సిన్నతనం, పరువు, అప్పటి రోజులు అలాంటివి' అన్నాడు. మూడోసారి టీవీ సౌండు పెంచేడు. సరే, పరువన్నాడు కదా, మగాడి పరువు అలగే ఉంటాది కాబోలు అని నాకు నేనే సర్ది సెప్పుకున్నాను. అన్నేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికేను.

ఇప్పుడా మాట కూడా లేదు. అదే మలుపులో నిలబడి, సిగ్గేటి, అంటాడు! సిగ్గు మూట మీద కాదన్నమాట. మూట పెళ్ళానిదైతే సిగ్గు. సొంత పొట్ట కోసమైతే సిపాయి.

ఆ వీడియో ఏడుసార్లు సూసేను. లేచి మెట్ల కిందకెల్లేను.

మెట్ల కింద ఏటున్నాదో నీకు తెలీదు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చేక పాత కాటా రాళ్ళన్నీ గోనె సంచిలో కట్టి అక్కడ పడేసేరు. వంద గ్రాములవి, రెండొందలవి, అరకిలోవి, కిలోవి, రెండు కిలోలవి. మంచి పోత ఇనుము, ముద్ర కొట్టినవి. మూడు కాటాల రాళ్ళు.

ఆ రోజు వంద గ్రాముల రాయి ఒకటి తీసేను. పాత సీర సింపి గుడ్డలో సుట్టేను. ఆయన సంచీ అడుగున వాన తొడుగు పెట్టుకునే అర ఒకటున్నాది. దాని జిప్పు ఆయన ఒక్కసారి కూడా తియ్యలేదు. అందులో పెట్టేను.

వంద గ్రాములేనే. సరదాకి. ఒట్టు. మర్నాడు పొద్దున్న సంచీ ఎత్తి ఆయన భుజాలకి తగిలించేను. ఆయన లేచేడు, ఎల్లేడు, వచ్చేడు, కాఫీ తాగేడు. ఏటీ లేదు.

నాలుగు రోజులాగి రెండొందలది. తరవాత అరకిలో. ఆయన స్నానానికెల్లినప్పుడు పెట్టేదాన్ని, పూజకి పూలు కోసినంత నెమ్మదిగా.

నోరు ముయ్యి తల్లీ, ఈగలెల్తాయి.

తెలీకుండా ఎలగుంటాదంటావా? ఎలగ తెలుస్తాది? సంచీ ఎత్తేది నేను, దింపేది నేను. మోసినప్పుడు బరువెక్కినట్టుంటే, బరువు పెరిగిందని ఎవరైనా అనుకుంటారు. మీ మావ అనుకోడు. తన సేత్తో తూసేడు కదా! పది కిలోలంటే పది కిలోలే. ఆ తూకం తప్పడానికి లేదు. కాబట్టి తప్పింది తన ఒళ్ళే అనుకున్నాడు.

కిలో దాటేసరికి గ్యాసన్నాడు. రెండు దాటేక రాగిజావ మొదలెట్టేడు. నాలుగు దాటేక విటమిన్ మాత్రలు. జట్టులో ఎనకబడకూడదని పళ్ళు బిగించుకుని నడిసేవోడు. ఆళ్ళకో రూలున్నాది, మధ్యలో సంచీ నేలకి దింపినోడు ఆ రోజు ఓడిపోయినట్టు, అందరికీ పెసరట్లు పెట్టించాలి. ఈయన దింపడు. నేలకి ఆనించడు. సూసేవా? ఆళ్ళకీ ఉన్నాది సారె నియమం.

పోయిన నెల విజయనగరంలో డాక్టరు దగ్గరికెల్లేం. నేనూ ఎల్లేను, పక్కనే కూకున్నాను. ఈసీజీ తీసేరు, బెల్టు మీద నడిపించేరు, రక్తం తీసేరు. అంతా బాగున్నాదన్నారు. నేనే అడిగేను, 'బరువేసుకుని నడవొచ్చా బాబూ?' అని. 'భేషుగ్గా నడవొచ్చు, గుండె కుర్రాడి గుండె' అన్నాడు. ఆ కాయితం నా బీరువాలో ఉన్నాది. నేను మనిషిని సంపేదాన్ని కాదు. సూసుకునే ఏసేను.

ఆ రోజు తిరిగొస్తంటే రైల్లో నా సెవి దగ్గర ఒంగి, ఎవరికీ ఇనపడకుండా, 'కన్యా, నా పనైపోనాదే. పది కిలోలు మొయ్యలేకపోతన్నాను' అన్నాడు. పెళ్ళైన కాణ్ణుంచీ ఆ మనిషి నాతో అంత మెత్తగా మాటాడలేదు.

ఇంటికొచ్చి నేనేటి సేసేననుకున్నావు? వంటింట్లోకెల్లి ఏడిసేననుకున్నావా? వేడన్నంలో రెండు సెంచాల నెయ్యేసుకుని తిన్నాను. ఎంత బాగున్నాదో ఆ రోజు పప్పు.

జాలి రాలేదా అంటే, వచ్చినాది. ఒకసారి. భుజాల మీద పట్టీలు ఒరుసుకుపోయి ఎర్రగా కమిలిపోనాయి. కొబ్బరినూనె రాస్తా, పోనీలే, రేపు ఓ రాయి తీసీద్దాం అనుకున్నాను. అప్పుడాయన కళ్ళు మూసుకునే, 'గట్టిగా రాయవే. ఆడదానివి, బరువంటే నీకేటి తెలుస్తాది' అన్నాడు.

ఆ మధ్యాహ్నం కిలో రాయి పెట్టేను.

ఇప్పటికి ఎనిమిది కిలోలైనాయి. ఆయన పది, నా ఎనిమిది. పదకొండు కావాలి నాకు. ఎందుకు పదకొండంటే, బిందె ఖాళీది మూడు కిలోలు. లడ్లు అయిదు, అరిసెలు మూడు పెట్టేనని మా అమ్మ సెప్పినాది. ఆస్పత్రి నుంచొచ్చిన నెలకి అడిగేను మా అమ్మని. ఎందుకే ఇప్పుడా లెక్క అన్నాది. ఊరికేనే అన్నాను.

ఆదివారం జట్టోళ్ళు ఆయనకి సన్మానం పెట్టేరు కదా, బేనరు కూడా కట్టించేరు. ముందు మైదానంలోనే నడుద్దామన్నారు. మేస్టారు ఇంటికొచ్చినప్పుడు కాఫీ ఇస్తా నేనే అన్నాను, 'మైదానంలో ఎవరు సూస్తారు అన్నయ్యగారూ? స్టేషన్నుంచి మా ఇంటిదాకా బజారు మీదుగా నడవండి, ఊరంతా సూస్తాది' అని. మీ మావ మొహం వెలిగిపోనాది. 'మా ఆవిడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చినాది' అన్నాడు.

స్టేషన్నుంచి ఇంటికి. కిలోమీటరున్నర. దింపకూడదు.

నేను బట్టల కొట్టు మలుపు దగ్గర నిలబడతాను. కొత్త సీర కట్టుకుంటాను, నువ్వు తెచ్చిన ఆ వంగపండు రంగుది. ఆయనక్కడికొచ్చేసరికి కళ్ళు తిరగాలి. అరుగుల మీద జనం ఉంటారు. సంద్రమౌళి మేస్టారు ఫోను పట్టుకుని ఉంటారు. నన్ను సూస్తాడు. ఇంకెవర్ని అడుగుతాడు? జట్టోళ్ళని అడగలేడు, పరువు. నన్నే అడుగుతాడు. 'కన్యా, కాస్త పట్టుకోవే' అంటాడు.

పడిపోవాలని కాదే. సచ్చిపోవాలని అసలే కాదు. అడగాలి. నడిబజార్లో నన్నడగాలి. ఆ ఒక్క మాట కోసమే ఇన్ని రాళ్ళు.

పట్టుకుంటానా?

పిచ్చిదానా. సేతులు రెండూ ఎనక్కి కట్టుకుని పది అడుగులు ముందు నడుస్తాను.

పగే. ఇంకేటనుకున్నావు? భక్తనుకున్నావా? ఇన్నేళ్ళాయన నాకు వండటానికి బియ్యం ఇచ్చేడు, కట్టుకోడానికి సీరలిచ్చేడు, కొట్టలేదు, తిట్టలేదు, ఊళ్ళో మంచి మొగుడు. అలాంటోడి మీద పగ పెట్టుకోడానికి ఆడదానికి ఎంత ఓపికుండాలో తెలుసా? కొట్టేవోడైతే ఎప్పుడో తేలిపోను.

నీకెందుకు సెప్తన్నానంటే, నిన్న మీరు ఆటో దిగడం నేను కిటికీలోంచి సూసేను. ఆ పెద్ద సూట్‌కేసు నువ్వే దింపుకున్నావు. మెట్లెక్కేటప్పుడు 'ప్రమోద్, కాస్త పట్టుకో' అన్నావు. వాడు ఫోను సెవికి పెట్టుకుని, వస్తన్నానని సెయ్యూపి, లోపలికొచ్చీసేడు. ఖాళీ సేతులు. వాళ్ళ నాన్న నడకే. నా సంకలో ఎక్కి ఈ బజారంతా తిరిగిన గుంటడు. వాడికి నేనేటి నేర్పేను? వాడి నెత్తిన నేనేటీ పెట్టలేదు, అదీ నా తప్పే.

నువ్వు నవ్వి ఊరుకున్నావు. పర్లేదులే అత్తయ్యా, అలవాటే అన్నావు. అలవాటే అన్నావు సూడు, అప్పణ్ణుంచీ నాకు నిద్ర లేదు.

నువ్వు నాలాగ ఇరవయ్యెనిమిదేళ్ళు ఆగకు. ఆ మెట్టు మీదే దింపీ. నడిమెట్టు మీద అడ్డంగా పెట్టీ. ఎవరో ఒకరు తట్టుకుని పడితే గాని ఈ ఇంట్లో మగాళ్ళకి సామాను కనిపించదు.

అదిగో, గేటు సప్పుడు. అప్పుడే పన్నెండున్నరైనాదా?

సెప్తావా ఆయనతో? సెప్పు. నేనడ్డం రాను. 'మావయ్యగారూ, మీ సంచీ ఇంకోసారి తుయ్యండి' అను. తుయ్యడు. ఆయన సేత్తో ఆయన తూసిన సరుకది. నీమీద కోప్పడతాడు, అంతే.

కదలవేటి? పోనీ అయితే, ఆ కందిపప్పు డబ్బా ఎనకాల గుడ్డలో సుట్టి రెండున్నాయి సూడు. కిలోది ఒకటి, రెండు కిలోలది ఒకటి. కిలోది ఉంచు, ఆదివారం పొద్దున్న పెడతాను. పెద్దది తే. ఆయన కాళ్ళు కడుక్కునేలోగా పనైపోవాలి.

తెచ్చీసేవా! నేను అనుకోలేదు, పోయి ఆయనతో సెప్పీస్తావనే అనుకున్నాను.

రెండు కిలోలకి రెండు సేతులూ పెట్టేవేటే? సిన్నగుంటాది గాని బరువే. ఇటియ్యి. నువ్వు పట్టుకోకు.

గిఫ్టంటావా, నీ ఇష్టం. ఆ నీళ్ళ పీక కొనీ పోనీ. ఆయన పది కిలోలకి అది సాలు. మిగతా పదకొండూ నావి. వాటికి ఎవరూ ఏటీ కొననక్కర్లేదు.